పావు పెంచాలి

ఆగస్టు 3

అత్తయ్యకు,

మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి రాయను. నాన్నకి మాత్రం బాగానే ఉన్నానని రాశాను. మీరు బయటపెట్టకండి.

నన్ను బల్ల దగ్గర నుంచి లేపేశారు అత్తయ్యా. మూడు నెలలుగా నేను కూర్చుని కళ్ళద్దాలు అరగదీస్తున్న బల్ల అది. ఇప్పుడు చేతికో గుడ్డముక్క ఇచ్చి, ముందు గదిలో కూర్చుని ఖాళీ ఫ్రేములు తుడుచుకోమన్నారు. నన్ను ఉంచుకోవాలో పంపేయాలో ఈ నెలాఖరుకి తేలుస్తారట. ఎందుకో తెలుసా? పావు పెంచమంటే పావు పెంచినందుకు.

పోయిన నెల ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. యాభై నాలుగేళ్ళాయన, దూరం సరిగ్గా ఆనడం లేదన్నాడు. మా దగ్గర కళ్ళు పరీక్షించే ఆవిడ ఉంది. నంబరు చీటీ మీద రాసి లోపలికి పంపుతుంది కాబట్టి అందరం ఆవిడని చీటీల మేడం అంటాం. ఆ చీటీ మీద ఇలా ఉంది: ‘పాతది −1¾. రెండు కళ్ళకీ పావు పెంచాలి.’ అంతే, ఒక్క అక్షరం ఎక్కువ లేదు. ఆ చీటీ నా దగ్గరే ఉంది, ఎవరికీ ఇవ్వను.

ఇంతకు ముందు నాకిచ్చినవన్నీ పెద్దవాళ్ళు చదువుకోవడానికి పెట్టుకునే ప్లస్ అద్దాలే. ప్లస్ ఒకటిన్నరకి పావు పెంచమంటే ప్లస్ ఒకటీ ముప్పావు, దాంట్లో ఏ గొడవా రాలేదు. మైనస్ అద్దం చేతికి రావడం ఇదే మొదలు. అయినా నేనేమీ గాల్లో లెక్క వెయ్యలేదు. చీటీ వెనక గీత గీశాను. సున్నాకి ఎడమ పక్క ఒకటీ ముప్పావు దగ్గర వేలు పెట్టి, పెంచడమంటే ఎప్పుడూ కుడికే అని మీరు నేర్పారు కాబట్టి పావు కుడికి జరిగాను. −1¾ + ¼ = −1½. అద్దం అరగదీసి నంబరు చూసే మిషను కింద పెడితే సరిగ్గా −1½ చూపించింది. యజమాని కూడా చూసి, అద్దం నంబరు రాసే కార్డు మీద ముద్ర వేశారు. డ్రైవరు పాత ఫ్రేములోనే కొత్త అద్దాలు బిగించి ఇచ్చాం.

రెండో రోజే ఆయన తిరిగొచ్చి పాతవే నయమన్నాడు. కొత్త అద్దాలు కదా, అలవాటు పడాలి అంది చీటీల మేడం. ఐదో రోజు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే మాట. తొమ్మిదో రోజు తెల్లవారుజామున, మబ్బుగా ఉందట, బస్సుల షెడ్డు గేటుకి అడ్డంగా కట్టిన గొలుసు ఆయనకి కనపడలేదు. బస్సు దాన్ని తెంపుకుని పోయింది. దీపం పగిలింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆయన్ని మాత్రం స్టీరింగు మీద నుంచి దింపేసి బస్సులు కడగమన్నారు.

కళ్ళజోడు తెచ్చి మా గాజుబల్ల మీద పెట్టాడు. చీటీల మేడం నంబరు చూసి, పెంచమంటే తగ్గించావేమిటని అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగింది. పెంచానని చెప్పాను. తగ్గించావంది. ఇలా అయిదుసార్లు. నాకు కూడికలు రావని యజమాని తేల్చేశారు. మీ మేనకోడలికి, కూడికలు.

ఈ లెక్క సరైనదని మీ చేత్తో రాసి, సంతకం పెట్టి పంపండి. గోడకి అంటిస్తాను.

ఇక్కడ అందరికీ ఘాటుగానే తగులుతున్న
మిరియం

* * *

ఆగస్టు 7

మిరియానికి,

దీవెనలు తర్వాత, ముందు లెక్క.

−1¾ + ¼ = −1½. ఇందులో అనుమానానికి చోటు లేదు. సున్నాకి ఎడమ పక్క ఒకటీ ముప్పావు అడుగుల దూరంలో నిలబడ్డ మనిషి పావు అడుగు కుడికి వేస్తే సున్నాకి ఒకటిన్నర అడుగుల దూరంలో ఉంటాడు. మైనస్ ఒకటిన్నర అనేది మైనస్ ఒకటీ ముప్పావు కన్నా పెద్దది. పెద్దది చెయ్యమన్నారు, పెద్దది చేశావు. దీన్ని తగ్గించడం అన్నవాళ్ళు ఆరో తరగతి మళ్ళీ చదవాలి.

నాకు ఒళ్ళు మండిపోతోంది. కళ్ళద్దాలు అమ్ముకునే చోట అందరికీ కళ్ళు నెత్తిమీదే ఉన్నాయా? ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎడమా కుడీ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాను. తలలు ఊపినవాళ్ళంతా పెద్దవాళ్ళై, దుకాణాలు పెట్టి, లెక్క వచ్చిన పిల్లని ఫ్రేములు తుడవమంటున్నారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రాయడం చేతకాక లెక్క తప్పంటారా?

నువ్వు క్షమాపణ చెప్పకు. తల వంచకు. ఒకసారి వంచితే ఆ తర్వాత రెండూ రెండూ అయిదని వాళ్ళు చెప్పినా తలాడించాల్సి వస్తుంది.

నువ్వడిగిన కాగితం ఇందులో ఉంది. గీత ఎర్ర సిరాతో గీశాను, దూరం నుంచి కూడా కనబడుతుంది. ఇంకో కాగితం కూడా రాశాను, మీ యజమానికి నేరుగా. నీకు చెబితే వద్దంటావని చెప్పకుండా పోస్టు చేశాను. ఉత్తరాలెందుకు, ఫోను చెయ్యమని మీ నాన్న ఎప్పుడూ గోల. ఫోనులో లెక్క కనబడదు కాబట్టి నేను చెయ్యను.

నా సంగతి ఏముంది. వంటింటి కప్పు ఒకచోట కారుతోంది, కింద పళ్ళెం పెట్టాను. పక్కింటివాళ్ళ రేడియో పొద్దున అయిదింటికే మొదలవుతుంది. వెళ్ళి అడిగితే మీకు చెవుడు కదా అన్నారు. పోయిన వారం కళ్ళు చూపించుకున్నాను. పవర్ మళ్ళీ పావు పెరిగిందట, మైనస్ మూడు ఉన్నది మూడుంబావు అయింది. ఈ వయసులో పెరిగేవి ఇవే.

నీ వెనక నేనున్నాను.

అత్తయ్య

* * *

ఆగస్టు 12

అత్తయ్యా,

మీరు నా వెనక ఉంటే బాగుండేది. ముందుకొచ్చేశారు.

మీ ఉత్తరం యజమానికి అందింది. ఆయన దాన్ని గాజుబల్లకీ అద్దానికీ మధ్య నిలబడి, గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివారు. ‘మీ దుకాణంలో చూపున్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా’ అన్న చోట కళ్ళజోడు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. చీటీల మేడం నవ్వలేదు. అక్షరాల బోర్డు వెనక దీపం ఆర్పేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను దుకాణాన్ని ఊరంతా అల్లరి చేయించే పిల్లని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అత్తయ్యా? నేను అడిగింది ఒక కాగితం.

ఆ కాగితం గోడకి అంటించాను. అది కూడా పని చెయ్యలేదు. అందరూ చూశారు, లెక్క బాగానే ఉందన్నారు. అప్పుడు చీటీల మేడం వచ్చి చెప్పింది, మైనస్ అద్దాలవాళ్ళకి పెంచడమంటే మైనస్‌ని పెంచడమని. −1¾ పావు పెరిగితే −2 అవుతుందట. దూరం ఆననివాళ్ళకి అద్దం బలం పెరగాలి, బలం పెరిగితే నంబరు ఎడమకి పోతుంది. కళ్ళజోళ్ళ పనిలో ఇది పసిపిల్లకి కూడా తెలుసట.

నేను పసిపిల్లని కాను కాబట్టి నాకు తెలియలేదు. మూడు నెలల్లో ఒక్కరూ చెప్పలేదు. చీటీ మీద −2 అని రాస్తే ఆవిడ కలం అరిగిపోయేదా? ‘పెంచాలి’ అని రాయడానికి పట్టినంత సిరా కూడా పట్టదు. ఆ మాట అంటే, ఇరవై ఏళ్ళుగా ఇలాగే రాస్తున్నానంది. ఇరవై ఏళ్ళుగా రాస్తే తప్పు ఒప్పవుతుందా?

కానీ అత్తయ్యా, డ్రైవరుకి −2 అద్దాలు చేసిచ్చారు. పెట్టుకుని రోడ్డవతల బోర్డు గడగడా చదివాడు. అంటే ఆయన కంటికి కావలసింది −2 అన్నది నిజం. నేను ఇచ్చింది −1½.

యజమాని ఆయన్ని ఓదారుస్తూ, పావు తప్పే కదా, దానికి గొలుసు కనబడకుండా పోతుందా అన్నారు. నేను నోరు మూసుకుని ఫ్రేములు తుడుచుకోవలసింది. పావు కాదండీ, అర తప్పు అన్నాను. ఎలాగో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. యజమాని నా వైపు చూసిన చూపుకి అద్దాలు పగలాలి.

దయచేసి ఇంకెవరికీ ఉత్తరాలు రాయకండి.

మిరియం

* * *

ఆగస్టు 16

కోడలు పిల్లకి,

నేను కత్తిపీటనా? సరే. పదునుందని ఒప్పుకున్నందుకు సంతోషం.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి ఎక్కువ కోపం వచ్చింది. నిన్ను గుడ్డముక్కతో కూర్చోబెట్టినందుకు వాళ్ళ మీద రావలసిన కోపం నీ మీదకి వచ్చింది. అర తప్పు నీదని నీ నోటితో నువ్వే ఎందుకు ఒప్పుకున్నావు? అర కాదు, అరవీసం కూడా నీది కాదు. తిలాపాపం తలా పిడికెడు పంచుకుందామని వాళ్ళు చూస్తుంటే, నువ్వు ముందుకెళ్ళి సగం ఎత్తుకుంటావా? ఆ మిగతా సగం ఎవరిది, ఆ చీటీలావిడదా, యజమానిదా? వాళ్ళు ఒప్పుకున్నారా? ఒప్పుకోలేదు. సగం నువ్వు తీసుకున్నాక మిగతా సగం కూడా నీ నెత్తినే పెడతారు, చూస్తూ ఉండు.

పెంచడమంటే తగ్గించడమని వాళ్ళు చెబితే నమ్మి కూర్చున్నావు. రేపు ఎడమ చేతిని కుడి చెయ్యి అంటారు, దాంతోనే అన్నం తింటావా? మాటకి ఒక అర్థం ఉంటుంది. పెంచు అంటే కలుపు. కలిపితే కుడికి. ఒక్కో దుకాణానికి ఒక్కో గీత ఉండదు.

డ్రైవరుకి −2 కావాలంటే, పావు తగ్గించమని రాయాలి. −1¾ − ¼ = −2. అలా రాయలేదు. కనుక నీ అద్దంలో తప్పు సున్నా.

మీ నాన్న అడిగాడు, నేను అబద్ధం చెప్పలేను, చెప్పేశాను. తిడితే నన్నే తిట్టు. తేలుస్తామన్న రోజున నేనే వస్తాను. మోకాలు నొప్పిగా ఉంది కానీ బస్సు ఎక్కగలను. ఆ యజమాని ముందు కూర్చుని సుద్దముక్కతో నేల మీద గీత గీస్తాను, ఎలా చెరుపుతాడో చూద్దాం.

అత్తయ్య

* * *

ఆగస్టు 20

అత్తయ్యా,

రావద్దు. మీ కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు.

అర తప్పు అంటే నింద సగం పంచుకోవడం కాదు. అద్దంలో తేడా అర. కావలసింది −2, ఉన్నది −1½. ఉన్నదాంట్లోంచి కావలసినది తీసెయ్యండి: −1½ − (−2). మైనస్‌ని తీసెయ్యడమంటే కలపడం, మీ పాఠమే. −1½ + 2 = +½. యజమాని ఏమనుకున్నారంటే, పావు జరగమన్నారు, జరగలేదు, కనుక తేడా పావు. కానీ నేను ఊరికే నిలబడిపోలేదు కదా. పావు దిగాల్సిన చోట పావు ఎక్కాను. రెండు పావులు కలిసి అర అయింది. లెక్కల టీచరుకి లెక్క నేను చెప్పాల్సి వచ్చింది చూశారా, అంత కోపంలో ఉన్నారు మీరు.

తప్పు సున్నా అన్నారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టుంది మీ వరస. అందుకని మీ ఆగస్టు ఏడో తారీకు ఉత్తరం మళ్ళీ తీశాను. కప్పు కారుతోంది, రేడియో మోగుతోంది, ఆ తర్వాత ఏం రాశారో మీకు గుర్తుందా? ‘పవర్ మళ్ళీ పావు పెరిగిందట, మైనస్ మూడు ఉన్నది మూడుంబావు అయింది.’ పెరిగింది. మీ చేత్తో, మీ సిరాతో. మైనస్ మూడు నుంచి మైనస్ మూడుంబావుకి ఎటు పోవాలి అత్తయ్యా, కుడికా ఎడమకా? ఒక్కో దుకాణానికి ఒక్కో గీత ఉండదని మీరే అన్నారు. మరి మీ ఇంట్లో రెండున్నాయే.

ఇది రాసేటప్పుడు మొదట నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మీ కాగితాన్ని గోడ మీద నుంచి తీసేశాను.

అసలు సంగతి ఇంకా ఉంది. ముప్ఫయ్యో తారీకున డ్రైవరు మీద వాళ్ళ ఆఫీసులో విచారణ. కళ్ళు పాడైపోయాయి, ఇక బస్సు ఇవ్వలేమని వాళ్ళంటున్నారట. ఆయన దుకాణం బయట నిలబడి నన్ను పిలిచి చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, చేతులకి సబ్బు నురగ. అద్దంలో పావు తేడా అని కాగితం వెళ్తే ఆ కాస్తకే గొలుసు కనబడదా, నీ కళ్ళే పోయాయి అంటారు. అర తేడా అని వెళ్తే కొత్త అద్దాలు పెట్టి మళ్ళీ పరీక్ష చెయ్యక తప్పదు.

ఆ కాగితం రాసేది మా దుకాణం. యజమాని రాసి పెట్టారు: ‘పావు మేరకు తేడా. పనిపిల్ల లెక్కలో చేసిన పొరపాటు.’ కింద నేను సంతకం పెడితే ముప్ఫై ఒకటి నుంచి మళ్ళీ బల్ల దగ్గర కూర్చోవచ్చు. పెట్టకపోతే ఇంటికి. నాన్న ఫోనులో పెట్టెయ్యమన్నారు.

మీరేమంటారు?

మిరియం

* * *

ఆగస్టు 24

మిరియానికి,

ఉత్తరం అందిన రోజు నీకు జవాబు రాయలేదు. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక ఇల్లంతా తిరిగాను.

పెరిగింది అని రాశాను. నిజమే. రాయడమే కాదు, ఇరవై ఏళ్ళుగా అంటున్నాను. మైనస్ ఒకటి నుంచి మూడుంబావు దాకా ప్రతిసారీ పెరిగింది, పెరిగింది అనే చెప్పుకున్నాను, ఒక్కసారి కూడా నా గీత నాకు గుర్తు రాలేదు. ఇప్పుడు ఎక్కడ చూసినా అదే కనిపిస్తోంది. చలి పెరిగిందంటాం, థర్మామీటరులో అంకె దిగుతుంది. గుంట లోతు పెరిగిందంటాం, అడుగు కిందికి పోతుంది. తప్పుగా మాట్లాడుతున్నది లోకం కాదు. లోకంలో ఇలాంటి మాట ఒకటుందని పిల్లలకి చెప్పకుండా కుడికి, ఎప్పుడూ కుడికే అని అరిచినది నేను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. కనిపెట్టినందుకు నీ మీద కూడా కోపంగా ఉంది, దాచను.

అర సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. +½. సరిగ్గా చేశావు.

ఇక కాగితం. తప్పు లెక్క కింద సంతకం పెట్టమని నా జన్మలో ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను. పెట్టెయ్. పావు అని పెట్టెయ్. ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి రెండేళ్ళు నువ్వు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగావో నాకు తెలుసు. ఒక్కొక్కచోట ఆడపిల్లకి మిషను పని ఏమిటని వెనక్కి పంపితే ఏడుస్తూ నా దగ్గరకే వచ్చావు. ఆ డ్రైవరుకి ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం వెనక ఉంది, తోటివాళ్ళు ఉన్నారు, వాళ్ళు చూసుకుంటారు. నీకు ఆ బల్ల తప్ప ఏముంది?

తల వంచకు అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా మాట విని ఒకసారి నష్టపోయావు, ఈసారి నా మాట విని బాగుపడు.

అత్తయ్య

* * *

సెప్టెంబరు 2

అత్తయ్యా,

మీరా ఆ మాట అన్నది? ఆ ఉత్తరం మీ చేతిరాతలో లేకపోతే ఎవరో దొంగతనంగా రాశారనుకునేదాన్ని. ఆరో తరగతిలో ఒక గుర్తు మర్చిపోతే పేజీ మొత్తం మళ్ళీ రాయించిన మనిషి, గుర్తుతో సహా మనిషినే మర్చిపొమ్మంటారా? రెండు రోజులు అన్నం సయించలేదు. యజమాని చెప్పారు, నాన్న చెప్పారు, సహించాను. మీరు చెప్పినందుకు మాత్రం చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ముప్ఫయ్యో తారీకున విచారణకి వెళ్ళాను, కాబట్టి కొంత మేలే జరిగింది.

బస్సుల ఆఫీసు మేడమీద గది. పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. ఇటువైపు యజమాని, చీటీల మేడం, నేను. డ్రైవరు గోడ పక్కన నిలబడ్డాడు, కుర్చీ ఉన్నా కూర్చోలేదు. యజమాని కాగితం నా ముందుకి తోసి కలం ఇచ్చారు.

‘పావు’ కొట్టేసి ‘అర’ అని రాశాను. ‘లెక్కలో చేసిన పొరపాటు’ అన్నది కూడా కొట్టేశాను. దాని మీద ఇలా రాశాను: ‘లెక్క సరైనదే. ఏ వైపు పెంచాలో చీటీలో రాయలేదు, నేను అడగలేదు. అద్దం తప్పు.’ కింద సంతకం.

బల్ల వెనక మధ్యలో కూర్చున్నాయన, పావు పెంచడంలో తప్పు జరిగితే అర ఎలా అవుతుందన్నాడు. కాగితం వెనక గీత గీసి ఇచ్చాను. ఆయన మైనస్ ఒకటీ ముప్పావు దగ్గర వేలు పెట్టి, కుడికి పావు జరిపాడు, మళ్ళీ వెనక్కొచ్చి ఎడమకి పావు జరిపాడు. రెండు చివరలా రెండు వేళ్ళు పెట్టి మధ్య జాగా చూశాడు. కాగితం జరిపి పక్కాయనకి చూపించాడు.

అప్పుడు డ్రైవరు నన్ను అడిగాడు. వాళ్ళని కాదు, నన్ను.

“అమ్మా, అయితే నా కళ్ళు బాగానే ఉన్నట్టేనా?”

“మీ కళ్ళు బాగానే ఉన్నాయి. నేనిచ్చిన అద్దమే బాగాలేదు. నన్ను క్షమించండి.”

తల వంచాను అత్తయ్యా. మీరు వంచొద్దన్నప్పుడు వంచలేదు, వంచెయ్యమన్నప్పుడూ వాళ్ళ ముందు వంచలేదు. ఆయన ముందు వంచాను.

ఆయనకి ఆ మధ్యాహ్నమే పరీక్ష పెట్టారు. అన్ని వరసలూ చదివాడట. సోమవారం నుంచి బస్సు ఇచ్చారు.

నాకు మెట్లు దిగుతుండగానే యజమాని చెప్పేశారు, రేపటి నుంచి రానక్కర్లేదని. నాలుగు నెలలు నా చేత పని చేయించుకుని, తన ముద్ర ఉన్న కార్డు జేబులో పెట్టుకుని, మెట్ల మీద నిలబడి చెప్పారు. కూర్చోబెట్టి చెప్పే మర్యాద కూడా లేదు. ఏడవలేదు. ఏడిస్తే ఆయనకి సంతోషం.

చీటీల మేడం మాత్రం కింద ఆగింది. నేను నంబరు రాసి ఉండాల్సింది అంది. ఆ మాట పైన, వాళ్ళ ముందు అని ఉంటే బాగుండేది. తర్వాత అంది, “నువ్వు ఒక్క మాట అడిగితే ఏం పోయేది?”

డ్రైవరు చీటీ వచ్చిన రోజు దాన్ని చూడగానే అనుమానం వచ్చింది అత్తయ్యా, అబద్ధం ఎందుకు. చీటీ పట్టుకుని ఆవిడ గది గుమ్మం దాకా వెళ్ళాను. దేన్ని పెంచాలండీ అని నోటిదాకా వచ్చింది. ఏదో తెలివితక్కువ ప్రశ్నలా అనిపించి, అందరూ నవ్వుతారనిపించి వెనక్కొచ్చేశాను. ఎందుకలా అనిపించిందో నాకే తెలియదు. అడిగితే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. ఇప్పుడు బల్లే పోయింది.

ఇక్కడే ఉంటాను. ఊళ్ళో నాకు తెలిసినవే ఇంకో మూడు కళ్ళద్దాల దుకాణాలున్నాయి, నాలుగోదాని అడ్రసు డ్రైవరు కనుక్కుంటానన్నాడు.

మీ మీద ఇంకా కోపం తగ్గని
మిరియం

* * *

సెప్టెంబరు 7

మిరియానికి,

కోపం తగ్గించుకోకు. నాకు తగినదే.

మీ యజమానికి ఇంకో ఉత్తరం రాశాను. భయపడకు, చింపేశాను. కార్డు మీద ముద్ర వేసినవాడు బల్ల వెనకా, లెక్క సరిగ్గా చేసిన పిల్ల వీధిలోనూ ఉన్నారని తలుచుకుంటే నాకు పొద్దున్నే ఒళ్ళు మండుతోంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను, మా కోడలు పిల్ల ఉద్యోగం పావు దగ్గర పోలేదు, అర దగ్గర పోయిందని. వాళ్ళకి అర్థం కావడం లేదు. నాకు అర్థమైంది. సంతకం పెట్టెయ్యమని రాసిన ఆ ఉత్తరం నీ దగ్గరుంటే చింపెయ్. లేదా ఉంచుకో, నేను ఎప్పుడైనా మళ్ళీ నీతులు చెబితే తీసి చూపించు.

అడిగితే ఏం పోయేదో, ఎందుకు అడగలేకపోయావో నీకు తెలియదన్నావు. నాకు తెలుసు. నిన్న తెలిసింది.

మా పాత బడికి వెళ్ళి ఆరో తరగతిలో ఒక్క పీరియడు ఇమ్మని అడిగాను. ముప్ఫై నలుగురు పిల్లలు. బోర్డు మీద −1¾ అని రాసి, కింద ‘పావు పెంచండి’ అని రాశాను. ముప్ఫై ముగ్గురు గబగబా −1½ అని రాసేశారు. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల ఏమీ రాయలేదు. లేచి నిలబడి, “దేన్ని పెంచాలి టీచర్?” అని అడిగింది. పిల్లలు నవ్వారు. నా నోట్లోకి ఒక మాట వచ్చేసింది, ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు కదా. కూర్చో, అన్న మాట. పళ్ళ బిగువున ఆపుకున్నాను. చేతిలో సుద్దముక్క విరిగింది.

నువ్వు మర్చిపోయి ఉంటావు. ఆ గదిలోనే, రెండో వరసలో, నువ్వు కూడా ఇలాగే లేచి అడిగావు. “మైనస్‌ని పెంచితే పెద్దదవుతుందా, చిన్నదవుతుందా అత్తయ్యా?” అన్నావు. బడిలో అత్తయ్య అన్నందుకూ, పాఠం మధ్యలో అడ్డం వచ్చినందుకూ కలిపి తిట్టాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కూర్చోమన్నాను. ఆ తర్వాత ఆ ఏడాదంతా నువ్వు నా క్లాసులో లేచి ఏదీ అడగలేదు.

అత్తయ్య